మొటిమల మందు: ఎంత రాయాలి, ఎన్నాళ్లు రాయాలి

యాంకర్: మేడమ్, నెల్లూరు ఇంటర్ హాస్టళ్ల పిల్లలది ఒకటే మాట. మొటిమలకిచ్చే అడాపలీన్ జెల్ రాస్తే మొహం మండిపోయింది, ఆపేశాం అంటారు.

డాక్టర్: తప్పు మందుది కాదండీ, రాసే తీరుది. మొటిమ మీద చుక్క పెట్టే మందు కాదది. కొత్తవి పుట్టకుండా ఆపుతుంది, అందుకే మొహమంతా రాయాలి. అయినా మొత్తానికి బఠానీ గింజంత చాలు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. కళ్ల చుట్టూ, ముక్కు పక్క మడతలు, పెదవుల మూలలు వదిలెయ్యాలి. తడి మొహానికి రాస్తే మంట ఎక్కువ. కడిగాక 20 నిమిషాలు ఆరనివ్వండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, రాత్రిపూట మాత్రమే. అప్పటికీ మండితే ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద జెల్ రాయండి.

యాంకర్: మూడో వారంలో మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయని భయపడతారు.

డాక్టర్: కొందరికి అవుతుంది, తగ్గుతుంది కూడా. ఫలితం తెలిసేది 8 నుంచి 12 వారాలకు. పొద్దున పూట బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం అనే ఇంకో మొటిమల జెల్ కూడా రాస్తే ఇంకా మేలు. అది గుడ్డల రంగు పోగొడుతుంది, తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు పెట్టుకోండి. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాయొద్దు, బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుంది.

యాంకర్: మెడికల్ షాపులో 'వారంలో తగ్గిద్ది' అని ఇచ్చే క్రీముల సంగతేంటి?

డాక్టర్: నాకు బాధేసేది అక్కడే. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉందేమో చదవండి. ఉంటే స్టెరాయిడ్. నాలుగు రోజులు ఎరుపు తగ్గి మొహం తెల్లగా మెరుస్తుంది, ఆ మెరుపే మోసం. తర్వాత చర్మం పల్చబడి సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి, ఆడపిల్లలకు బుగ్గల మీద వెంట్రుకలొస్తాయి. ఆపితే మొటిమలు గుంపుగా లేస్తాయి, భయపడి మళ్లీ అదే రాస్తారు. చాలాకాలం రాసినవాళ్లు స్కిన్ డాక్టర్ చెప్పినట్టే ఆపాలి.

యాంకర్: పాతికేళ్లు దాటిన ఆడవాళ్లకు దవడ వెంబడి వస్తుంటే?

డాక్టర్: నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూపించుకోవాలి. హార్మోన్ మాత్రలు, మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరోనోలాక్టోన్ లాంటివి పనిచేస్తాయి, డాక్టర్ రాస్తేనే. గర్భిణులకు అడాపలీన్ వద్దు, అజెలాయిక్ యాసిడ్ క్రీము వాడొచ్చు.

యాంకర్: డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు?

డాక్టర్: చీము గడ్డలకు మూడు నెలలకు మించకుండా ఇస్తాం. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది, రోహిణీ కార్తెలో మరీను. సన్‌స్క్రీన్ తప్పదు.

యాంకర్: గుంటలు పడే గట్టి గడ్డలకో?

డాక్టర్: ఆలస్యం చెయ్యొద్దు, గుంటలు పడ్డాక పూడ్చడం కష్టం. నెల్లూరు పొగతోటలోనో, ఒంగోలులోనో స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలు ఇస్తారు, ముందు లివర్, కొవ్వు పరీక్షలు చేయించి. అన్నం తిన్నాక వేసుకోవాలి, పెదాలు ఎండుతాయి కాబట్టి వాజిలైన్ దగ్గరుంచుకోండి. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు, తలలో ఒత్తిడి పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం: మొదలుపెట్టే ముందు నెల, వాడినన్నాళ్లు, ఆపిన తర్వాత నెల గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్రమైన అవకరాలొస్తాయి. పెళ్లైనవాళ్లు ఆ మాట డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. మగవాళ్లయినా ఆడవాళ్లయినా వాడినన్నాళ్లు, ఆపిన తర్వాత నెల రక్తదానం చెయ్యకూడదు.