41వ ఎపిసోడ్: షాపు పేరుతో ఎస్ఎంఎస్, హెడరు రిజిస్ట్రేషన్

శిరీష: రికార్డవుతోంది కదా? సరే. నమస్తే అండీ, ఇది 41వ ఎపిసోడ్. గాజువాకలో ల్యాబు నడిపే ఒకాయన, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వాళ్లిద్దరు ఒకటే అడిగారు. మా పేరుతో మెసేజులు వెళ్లాలంటే ఏం చెయ్యాలి, ఇంకొకడు మా పేరు వాడకుండా ఎలా ఆపాలి అని. ఇవాళ అదే. రాజన్నా, ముందే చెప్తున్నా, 70 అన్న మాట వస్తే మీరు కొట్టే గంట ఇవాళ మోగకూడదు.

రాజు: గంట నేను తేలేదమ్మా. 70 మాట నువ్వే ఎత్తుతావు, చూస్తూ ఉండు.

శిరీష: ఎత్తను. అసలు ఈ రిజిస్ట్రేషన్ ఎందుకొచ్చిందో మీరే చెప్పండి.

రాజు: ఎస్ఎంఎస్‌లో పంపినవాళ్ల పేరు ఉండే గడి ఒకటుంది. అందులో 11 అక్షరాల దాకా పేరు రాయొచ్చు. ఆ పేరు నిజమా కాదా అని ఫోను అడగదు. పైగా ఒకే పేరుతో వచ్చినవన్నీ ఒకే వరసలో పేరుస్తుంది. తనిఖీ లేని చోట దొంగ మెసేజ్ వచ్చి బ్యాంకు అసలు మెసేజుల కిందే కూర్చుంటుంది. పైన నిరుడు వచ్చిన నిజం ఓటీపీ, కింద ఇవాళ్టి మోసం. ఎవరికైనా అనుమానం ఏటొస్తుంది?

శిరీష: అందుకే సింగపూర్‌లో 2023 జనవరి చివరినుంచి రిజిస్టర్ చెయ్యని పేరు మీద "స్కామ్ కావచ్చు" అని పడుతుంది. ఆస్ట్రేలియాలో 2026 జూలై 1 నుంచి రిజిస్టర్ తప్పనిసరి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల్లోనే ఇంకో అడుగు వేసింది. పేరు ఒక్కటే కాదు, మెసేజ్ నమూనా కూడా ముందే రిజిస్టర్ చెయ్యాలి. ఈ రిజిస్ట్రేషన్ పద్ధతి పేరే డీఎల్‌టీ.

రాజు: 2021 మార్చి 8న తనిఖీ మొదలెడితే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. వారం పాటు వాయిదా వేశారు. ఎందుకు ఆగాయి? కంపెనీలు నమూనాలు సరిగ్గా ఎక్కించలేదు. ఇప్పటికీ సగం గొడవ అదే.

శిరీష: గబగబా మెట్లు చెప్పేస్తాను, రాసుకోండి. జియో, ఎయిర్‌టెల్, వీ, బీఎస్ఎన్ఎల్, ఏదో ఒక ఆపరేటరు డీఎల్‌టీ పోర్టల్ చాలు. ఒకచోట చేస్తే అందరికీ చెల్లుతుంది. పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర ఉన్న ఆథరైజేషన్ లెటరు, సంతకం పెట్టినాయన గుర్తింపు కార్డు. ఫీజు ప్రైవేటు ఆపరేటర్ల దగ్గర మామూలుగా 5,000, పైన జీఎస్టీ, మొత్తం 5,900. అప్పుడు మీ సంస్థకి 19 అంకెల నంబరు, అంటే ఎంటిటీ ఐడీ, వస్తుంది. తర్వాత హెడరు, అంటే పంపినవాళ్ల గడిలో కనబడే పేరు. మన దగ్గర ఆరు ఇంగ్లిష్ అక్షరాలు. షాపు పేరుకీ హెడరుకీ పొంతన లేకపోతే తిప్పి పంపుతారు. పాన్ మీద యజమాని పేరుండి, హెడరు బోర్డు మీది పేరైతే, షాపు లైసెన్సో ట్రేడ్‌మార్కో జత చెయ్యండి. తర్వాత టెంప్లేటు, అంటే మెసేజ్ నమూనా. దానికీ 19 అంకెల ఐడీ. అందులో మీ సంస్థ పేరు ఉండి తీరాలి. పేరు, తేదీ, అంకె లాంటి మారేవాటికి ఖాళీ వదలాలి, దాన్నే వేరియబుల్ అంటారు. ఒక్కో వేరియబుల్‌కి 30 అక్షరాలు.

రాజు: ఏ భాషలో 30?

శిరీష: మొదలైంది.

రాజు: అడుగుతున్నానంతే. ఆ ల్యాబుకి వచ్చేవాళ్లు ఎవరు? పెదగంట్యాడ నుంచి, కూర్మన్నపాలెం నుంచి వచ్చే పెద్దవాళ్లు. వాళ్లకి ఇంగ్లిష్‌లో పంపితే ఏటవుతుంది? పక్కింటి కుర్రాడికి ఫోనిచ్చి "ఇదేటో చూడు బాబూ" అంటారు. ఓటీపీ కూడా అలాగే చదివిస్తారు. రేపు ఫోనులో ఎవడో "మీకొచ్చిన నంబరు చదవండి" అంటే అలాగే చదివేస్తారు. ఎవరికీ చెప్పొద్దు అన్న ముక్క వాళ్లకి రాని భాషలో ఉంటే ఆ ముక్క లేనట్టే.

శిరీష: ఒప్పుకుంటాను. కానీ తెలుగులో పంపితే 160 అక్షరాల మెసేజ్ కాస్తా…

రాజు: ఎంతవుతుంది?

శిరీష: …70 అవుతుంది.

రాజు: (గంట)

శిరీష: తేలేదన్నారు!

రాజు: రికార్డింగు చూసే మన సత్యం తెచ్చాడు. సరే, లెక్కకొద్దాం. ఇంగ్లిష్‌లో ఒక్క మెసేజ్ 160. దాటితే ముక్కకి 153. తెలుగులో 70, దాటితే ముక్కకి 67. అందుకని షాపుల తరఫున మెసేజులు పంపిపెట్టే ఏజెంట్లు "తెలుగొద్దు సార్, ఖర్చు" అంటారు. నేను ఒప్పుకోను. ఇది విను. "మీ రిపోర్టు సిద్ధం. ల్యాబుకు వచ్చి తీసుకోండి." ఎన్ని?

శిరీష: గుణింతం విడిగా, పొల్లు విడిగా లెక్కపెట్టాలి. "రిపోర్టు" ఒక్కటే ఎనిమిది. మొత్తం… 45.

రాజు: చూశావా, 25 మిగిలాయి. ల్యాబు పేరు పట్టేస్తుంది. ఓటీపీ మెసేజుల్లో "ఎవరికీ చెప్పకండి." చుక్కతో కలిపి 17. తెలుగు పొడుగు కాదమ్మా, ఇంగ్లిష్‌ని మాటకి మాట తిప్పి రాస్తేనే పొడుగు. "ప్రియమైన వినియోగదారునికి, మీ యొక్క నమూనా పరీక్ష నివేదిక" అని రాసి, భాష మీద తోస్తారు.

శిరీష: వేరియబుల్ సంగతి? పేర్ల దగ్గర దెబ్బతింటుంది. "శ్రీ వెంకట సత్యనారాయణ మూర్తి గారు". "శ్రీ" కే నాలుగు. మొత్తం 33. 30 దాటింది, ఆ మెసేజ్ పోదు.

రాజు: "శ్రీ", "గారు" టెంప్లేటులోనే అచ్చుగా పెట్టు. వేరియబుల్‌లో పేరొక్కటే. 23తో అయిపోయింది.

శిరీష: సరే, అది మంచి మాటే. కానీ నా అసలు అభ్యంతరం ఖర్చు కాదు, ఫెయిలవడం. తెలుగు టెంప్లేట్లు ఎక్కువ తిరిగొస్తాయి. కంటికి ఒకేలా ఉంటుంది, తనిఖీలో సరిపోలలేదంటుంది.

రాజు: ఎందుకంటే "ల్యాబ్‌కు" అని రాస్తారు. బ్‌ తర్వాత కు కలిసి ఒత్తు పడకుండా కీబోర్డు మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెడుతుంది. టెంప్లేటు ఎక్కించినప్పుడు అది ఉంది, సాఫ్ట్‌వేరు నుంచి పంపినప్పుడు లేదు. అంతే, రిజెక్టు. "ల్యాబుకు" అని రాస్తే ఆ బాధే లేదు. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. మాట చివర ఉకారం మనవాళ్లు ఊరికే పెట్టుకోలేదు.

శిరీష: అజంత కూడా వచ్చేసింది.

రాజు: రానీ. రిపోర్టు, బిల్లు, కార్డు, నంబరు. జనం అనేది అలాగే. పొల్లుతో ఆపి, ప్రత్యయం అతికించి, కనబడని అక్షరాన్ని ఇరికించేది మనం.

శిరీష: ఇంగ్లిష్ వాళ్లకీ ఇలాంటిదే ఒకటుంది, అది చెప్పనివ్వండి. రూపాయి గుర్తు పెడితే ఇంగ్లిష్ మెసేజ్ కూడా 70కి పడిపోతుంది. మామూలు ఎస్ఎంఎస్ అక్షరాల పట్టికలో ఆ గుర్తు లేదు. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేస్తే వచ్చే వంకర కోట్ల గుర్తులూ అంతే. అలాంటిది ఒక్కటున్నా చాలు, బిల్లు రెండింతలో మూడింతలో. టెంప్లేటు నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి, అక్కడినుంచే పోర్టల్‌కి, సాఫ్ట్‌వేరుకి రెండింటికీ అతికించండి. రెండు స్పేసులు పడినా సరిపోలదు.

రాజు: తెలుగుకీ అదే మందు.

శిరీష: సరే అన్నా. ఇంకా హెడరు దగ్గరే ఉన్నాం, సగం టైము అయిపోయింది. అసలు మోసం ఎక్కడ దూరుతుందో చెప్పాలి.

రాజు: తాళాలిచ్చే చోట. షాపాయనకి తీరికుండదు. "మొత్తం మీరే చూసుకోండి" అని ఏజెంటుకి వదిలేస్తాడు. పోర్టల్‌లో ఏజెంటు మెయిలు, ఏజెంటు ఫోను నంబరు. ఓటీపీ కూడా ఏజెంటుకే వస్తుంది. ఇక ఆ పేరు ఎవరిది?

శిరీష: దానికి తోడు టెంప్లేటు. "ప్రియమైన" అని రాసి, పక్కన వరసగా నాలుగైదు వేరియబుల్స్. ఏజెంటుకి సుఖం, ఏదైనా పంపొచ్చు. దొంగకీ అంతే సుఖం. మీ పేరుతో, మీ టెంప్లేటుతో, "మీ ఖాతా ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అని వెళ్తుంది, తనిఖీలో పాసవుతుంది. 2023 ఫిబ్రవరిలో ట్రాయ్ హెడర్లు, టెంప్లేట్లు అన్నీ మళ్లీ సరిచూసుకోమని ఆదేశించింది ఇలాంటి దుర్వినియోగం వల్లే.

రాజు: అచ్చు మాటలు ఎక్కువ, ఖాళీలు తక్కువ. టెంప్లేటు ఎంత బిగుతుగా ఉంటే దొంగకి అంత ఇరుకు.

శిరీష: లింకులు కూడా. 2024 అక్టోబరు 1 నుంచి ముందే వైట్‌లిస్ట్ చెయ్యని, అంటే పోర్టల్‌లో నమోదు చెయ్యని, లింకుంటే మెసేజ్ ఆగిపోతుంది. వేరియబుల్‌లో అంకె వస్తుందా, లింకు వస్తుందా అన్నది కూడా ముందే చెప్పాలని 2025 నవంబరులో ఆదేశం వచ్చింది. ఊరూపేరూ లేని పొట్టి లింకులు పెట్టకండి. మీ సొంత డొమైను పెట్టండి.

రాజు: గొలుసు చెప్పు, గొలుసు.

శిరీష: ఆ. 2024 డిసెంబరు 11 నుంచి అది లేకపోతే మెసేజ్ కదలదు. మీ దగ్గర్నుంచి ఆపరేటరు దాకా మెసేజ్ ఎవరెవరి చేతులు మారుతుందో, ఆ టెలిమార్కెటర్లందరి ఐడీలు పోర్టల్‌లో వరసగా కట్టాలి. మీరు పెట్టాలి, అవతలవాళ్లు ఒప్పుకోవాలి. ఏజెంటు మీకు చెప్పకుండా పైవాణ్ణి మార్చాడనుకోండి, నిన్నటిదాకా వెళ్లిన మెసేజులు పొద్దున్నే ఆగిపోతాయి. టెంప్లేటులో తప్పు వెతకడం మానేసి ముందు గొలుసు చూడండి.

రాజు: తాళాలు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. చేసిపెట్టేది ఏజెంటయినా, మెయిలు మీది, ఫోను మీది. ఆ నంబరు సిమ్ము పారెయ్యకండి. చాలామంది అక్కడే దొరికిపోతారు.

శిరీష: ఇక వినేవాళ్ల వైపు. పేరు చివర అక్షరం చూడమనండి. 2025 సవరణ తర్వాత పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. ముందున్న రెండక్షరాలు ఆపరేటరు, సర్కిలు. వీఎం అంటే వీ, ముంబై. జేడీ అంటే జియో, ఢిల్లీ. మన విశాఖ షాపుకి ముంబై అక్షరం పడితే కంగారొద్దు, ఏ గేట్‌వే నుంచి వెళ్లిందో అది పడుతుంది. హెడరు ఎవరిదో ట్రాయ్ హెడరు పోర్టల్‌లో కొట్టి చూడొచ్చు. అడ్రసు: ఎస్ఎంఎస్ హెడర్, చుక్క, ట్రాయ్, చుక్క, గవ్, చుక్క, ఇన్.

రాజు: "ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్" అని వచ్చే మెసేజులు గుర్తున్నాయా? అవి మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తాయి. పేరు ఉండదు, హెడరు ఉండదు. ఆ ఒక్క గుర్తు తెలిసుంటే చాలామంది పెన్షను డబ్బులు మిగిలేవి. (కాసేపు మౌనం) ఆ ముక్క కరెంటు బిల్లు వెనక తెలుగులో పెద్దక్షరాల్లో అచ్చు వెయ్యాలని నేను ఎప్పట్నుంచో…

శిరీష: చెప్తూనే ఉన్నారన్నా. నిజమే, వెయ్యాలి.

రాజు: డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. మెసేజ్ మీద ఫిర్యాదైతే 1909, వచ్చిన ఏడు రోజుల్లోపు. డబ్బు పోకపోయినా, అనుమానం ఉన్నా, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైటులో చక్షు అని ఫిర్యాదు చేసే చోటు ఉంది. స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, మెసేజ్ తీసెయ్యకండి.

శిరీష: ఒక్క ప్రశ్న మిగిలింది. నకిలీ టవరు పెట్టెలు. కారులో పెట్టుకుని తిరుగుతూ చుట్టుపక్కల ఫోన్లని టూజీకి దింపి, నేరుగా మెసేజులు తోసేస్తారు కదా. వాటికి ఆపరేటరు తనిఖీయే తగలదు. అప్పుడు ఈ రిజిస్ట్రేషన్ అంతా…

రాజు: దానికి చేతిలో పనుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగుల్లో సిమ్ దగ్గర టూజీ ఆపేసే మీట ఉంటుంది. కానీ ఆపితే కొన్ని ఊళ్లలో, అరకు రోడ్డులో…

శిరీష: సిగ్నలు పోతుంది. అవును. అయితే ఏ ఫోనులో ఎక్కడుందో ఒక్కొక్కటీ…

రాజు: సత్యం చెయ్యి ఊపుతున్నాడు. గది టైము అయిపోయిందట.

శిరీష: అయ్యో. సరే, ఆ మీట దగ్గర్నుంచే వచ్చేవారం. గంట మాత్రం…