కేరీ బక్‌కు దేశం పేరుతో జరిగిన అన్యాయం

అందరికీ నమస్కారం.

మేలురకం విత్తనాలను ఏరినట్టు మనుషులనూ ఏరాలన్న వాదానికి 1883లో ఇంగ్లండ్‌లో గాల్టన్ పెట్టిన పేరు యూజెనిక్స్. మనం సుజనన శాస్త్రం అంటున్నాం. దాని చరిత్రంతా చెప్పను. ఒక్క తీర్పు గురించి చెబుతాను.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో కేరీ బక్ అనే పేదింటి అమ్మాయి ఉండేది. తనను పెంచినవాళ్ల బంధువే బలాత్కారం చేశాడని ఆమె తర్వాత చెప్పింది. గర్భవతి కాగానే ఆ ఇంటివాళ్లు ఆమెకు 'మందబుద్ధి' అని ముద్ర వేయించి ప్రభుత్వ సంస్థకు పంపేశారు. పిల్లలు పుట్టకుండా ఆమెకు బలవంతంగా ఆపరేషన్ చేయవచ్చని 1927లో అమెరికా సుప్రీం కోర్టు 8-1తో తీర్పు చెప్పింది. ఆమె తరఫున వాదించిన లాయరు అంతకుముందు అదే సంస్థ పాలకమండలిలో ఉన్నవాడు! ఇది తలచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ యుద్ధంలో గాయపడిన మాజీ సైనికుడు. దేశం అడిగితే ఉత్తమ పౌరులే ప్రాణాలిస్తున్నారు కదా, వీళ్లు ఈ చిన్న త్యాగం చేయలేరా అన్నది ఆయన వాదన. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించండి. సైనికుడి త్యాగాన్ని చూపించి, నోరులేని ఒక ఆడపిల్ల గర్భాన్ని దేశం లాక్కుంది.

హ్యారీ లాఫ్లిన్ అనే ఆయన కేరీని ఒక్కసారైనా చూడకుండానే ఆమె వంశం పనికిరానిదని సాక్ష్యం రాసిచ్చాడు. అమెరికా పార్లమెంటులోని వలసల కమిటీకి యూజెనిక్స్ నిపుణుడూ ఆయనే. దక్షిణ, తూర్పు యూరప్ ప్రజల రాకను బాగా తగ్గించి, ఆసియావాళ్లకు తలుపులు మూసిన 1924 చట్టం వెనుక ఆయన లెక్కలున్నాయి. భారతీయులకు ఆ తలుపు బాగా తెరుచుకున్నది 1965 తర్వాతే. ఈరోజు మన పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారంటే ఆ గోడ కూలినందుకే. బలవంతపు ఆపరేషన్ల కోసం లాఫ్లిన్ రాసిన నమూనా చట్టం 1933లో హిట్లర్ ప్రభుత్వానికీ పనికొచ్చింది. జర్మనీలో సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం లాఫ్లిన్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇంతకీ కేరీ కూతురు వివియన్ బళ్లో మంచి విద్యార్థుల జాబితాకెక్కింది. 8 ఏళ్లకే జబ్బు చేసి పోయింది. కేరీ చెల్లెలు డోరిస్‌కూ ఆపరేషన్ చేశారు, అపెండిక్స్ అని చెప్పి. పెళ్లయ్యాక పిల్లల కోసం ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. అసలు సంగతి తెలిసేసరికి ఆమె ముసలిదైపోయింది.