మొదటి వెల్డింగ్ మిషన్ ఏది కొనాలి? మా పాత కమాండర్ జీపు మీద మూడు మిషన్లు, నెల రోజులు

నమస్కారం అండీ. ముందు ఇది చూడండి, కెమెరా దగ్గరికి పెడుతున్నాను. ఇది మా కమాండర్ జీపు నేల రేకు, డ్రైవర్ కాళ్ల కింద ఉండే భాగం. ఈ పెద్ద కన్నం తుప్పు చేసింది. దాని చుట్టూ ఉన్న ఈ నాలుగు చిన్న కన్నాలూ నేను పెట్టినవి. కొత్త మిషన్ తెచ్చిన రోజు ఒక కన్నం పూడుద్దామని కూర్చుని, నాలుగు చేసి లేచాను.

మాది గుణుపూర్, రాయగడ జిల్లా. మ్యాప్‌లో ఒడిశాయే గానీ, మా వీధిలో ఇనప కొట్టుకి వెళితే బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. జీపు మా నాన్నది. ఒకప్పుడు సంత రోజున కొండ ఊళ్లకి మనుషుల్నీ, చింతపండు బస్తాల్నీ మోసింది. ఆరేళ్లుగా పెరట్లో పడుంది. ఇంజను పర్వాలేదు, నేలే పోయింది. బయట ఇస్తే రెండు రోజుల్లో చేసి ఇచ్చేవారు. మనమే నేర్చుకుని చేద్దామని నాకే సరదా పుట్టింది. కాబట్టి ఈ వీడియో పనిలో ఉన్న వెల్డర్లకి కాదు. ఇంటి దగ్గర సొంత బండి పని చేసుకుందామని మొదటిసారి మిషన్ కొనేవాళ్లకి.

నెల రోజుల్లో మూడు మిషన్లు వాడాను. ఒకటి కొన్నాను, ఒకటి మా బావమరిది దగ్గర అడిగి తెచ్చాను, మూడోది మా వీధి చివర మేస్త్రి గారి షెడ్డులో ఆయన పక్కన నిలబడి వాడాను.

కొన్నదాని సంగతి ముందు చెప్తాను. ఇది ఇన్వర్టర్ ఆర్క్ మిషన్, అంటే రాడ్డుతో కాల్చేది, కరెంటు పోతే ఇంట్లో వాడే ఇన్వర్టర్ కాదు. బరువు పెద్దగా లేదు, ఒక చేత్తో ఎత్తుతున్నాను చూడండి. పెట్టె మీద ఇంతింత అంకెలతో 250 అని ఉంది. 250 ఆంపియర్లనే అనుకున్నాను, ఎవరైనా అదే అనుకుంటారు. ఇంటికొచ్చాక వెనక్కి తిప్పి రేటింగ్ ప్లేటు చదివాను. ఇదిగో, ఈ చిన్న గళ్ల పట్టీ. ఎక్స్ అని ఉన్న వరసలో 30 శాతం, 100 శాతం. దాని కింద ఐ2 అని ఉన్న వరసలో 160, 88. అంటే ఈ మిషన్ ఇచ్చేది 160 ఆంపియర్లు. అదీ పది నిమిషాల్లో మూడు నిమిషాలే. మిగతా ఏడు నిమిషాలు ఫ్యాన్ తిరుగుతూ చల్లారాలి. ఆపకుండా కాలుస్తానంటే 88 మీదే కాల్చుకోవాలి. మరి ఆ 250 ఏమిటని కొట్టువాడికి ఫోన్ చేస్తే, "అది మోడల్ నంబర్ సార్" అన్నాడు. కంపెనీ పేరు చెప్పను. ఈ పని చేసేది వాళ్లొక్కరే కాదు కూడా.

ఆ శాతాన్నే డ్యూటీ సైకిల్ అంటారు. గాలి 40 డిగ్రీలున్నప్పుడు ఎంతసేపు కాలుతుందనే లెక్క అది. మే నెలలో మధ్యాహ్నం మా రేకుల షెడ్డు కింద 40 దాటే ఉంటుంది, కాబట్టి ప్లేటు మీద ఉన్నంత కూడా ఆశించొద్దు.

అయితే తమాషా ఏమిటంటే, ఇంటి పనికి ఆ 160 చాలు. పన్నెండు నంబర్ రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది, 70 నుంచి 90 ఆంపియర్లలో చక్కగా కాలుతుంది. పది నంబర్, అంటే 3.15 ది, 100 నుంచి 130. జీపు పైన క్యారియర్‌కి గానీ, స్టెప్నీ స్టాండుకి గానీ, చిన్న ట్రాలీ ఫ్రేముకి గానీ నాకు ఈ రెండే సరిపోయాయి. మోసం అంకెలో ఉంది, పనిలో లేదు. అందుకని మీరు కొట్టులో ఉన్నప్పుడే మిషన్‌ని వెనక్కి తిప్పి, 60 శాతం దగ్గర ఎంత ఇస్తుందో చూడండి. అక్కడ 140, 160 ఉంటే పెట్టె మీద ఏ అంకె రాసుకున్నా మీకు అనవసరం. అసలు ప్లేటే లేదంటే దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇంక కరెంటు. ఇది ఎవరూ చెప్పరు, మా ఊళ్లో మాత్రం సగం కథ ఇదే. అదే ప్లేటు మీద ఐ1 మ్యాక్స్ అని ఉంది, 33. ఫుల్లుగా పెడితే గోడలోంచి 33 ఆంపియర్లు లాగుతుందని. మన ఇళ్లలో గీజర్‌కి పెట్టే పవర్ సాకెట్ 16 ది. పన్నెండు నంబర్ రాడ్డుతో 80 మీద పెట్టుకుంటే పర్వాలేదు, పది నంబర్ ఎక్కించి 120 పెట్టగానే మా ఎంసీబీ టప్పుమని పడిపోయింది. ఎలక్ట్రీషియన్ని పిలిచి, మీటర్ దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ (అంటే 4 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించాను. ఎర్తింగ్ కూడా చూపించుకున్నాను.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ గురించి ఒక లెక్క చెప్తా. పెళ్లిళ్లలో లైట్లకి వాడే సన్న వైరు, 1 స్క్వేర్‌ది, 30 మీటర్లు లాగాను. పోయేది 30, వచ్చేది 30, మొత్తం 60 మీటర్ల రాగి. 15 ఆంపియర్లు పారితే ఆ వైరులోనే సుమారు 16 వోల్టులు పోతాయి. చుట్ట విప్పకుండా వాడితే అది వేడెక్కి కరుగుతుంది కూడా, నాది ఇక్కడ మెత్తబడింది చూడండి. 4 స్క్వేర్ వైరైతే అదే దూరానికి నాలుగే వోల్టులు. సాయంత్రం ఏడింటికి అందరి ఇళ్లలో మోటార్లూ ఫ్యాన్లూ వేశాక మా సాకెట్ దగ్గర వోల్టు మీటరు 185 చూపించింది. అందులోంచి ఇంకో 16 తీసేయండి. అప్పుడు రాడ్డు అంటుకోదు, అతుక్కుంటుంది. నాకు చెయ్యి తిరగలేదేమోనని వారం రోజులు బాధపడ్డాను, తీరా చూస్తే తప్పు వైరుది.

ఈ బాధ మేస్త్రి గారికి చెబితే నవ్వారు. ఆయనది పాత ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్, ఇద్దరు కలిసి నెట్టాలి. రెండు ఫేజుల మీద నడుస్తుంది, మన ఇంటి సింగిల్ ఫేజ్‌కి పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని ఎవరైనా అంటే ముందు ఇదే అడగండి. కానీ ఆ మిషన్‌కి దుమ్మంటే లెక్కలేదు, ఎండంటే లెక్కలేదు. మన ఇన్వర్టర్‌కి ఫ్యాను గాలి పీల్చే చోట గ్రైండర్ దుమ్ము పడితే లోపల బోర్డు మీద ఇనప పొడి చేరి షార్ట్ అవుతుంది. గ్రైండింగ్ చేసేటప్పుడు మిషన్‌ని దూరంగా జరపండి.

మేస్త్రి గారు నా రాడ్డు ప్యాకెట్ చూసి, "బాబూ, ఇది చెమ్మ పట్టింది, కాలేటప్పుడు చిటపటలాడుతోంది, విన్నావా?" అన్నారు. నిజమే, వానాకాలంలో ప్యాకెట్ విప్పి వంటగది అరమీద పెట్టాను. మొదట్లో ప్యాకెట్ మీద 6013 అని ఉండే రకం రాడ్డే తీసుకోండి. అడార్, ఈసాబ్, డీ అండ్ హెచ్ లాంటివాళ్లందరూ చేస్తారు. సులువుగా అంటుకుంటుంది, అతుకు మీద పెచ్చులా కట్టే చిట్టెం సుత్తి తగలగానే ఊడుతుంది. 7018 బలమైనదే, కానీ దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. ఇంట్లో ఆ సౌకర్యం లేనప్పుడు దాని జోలికి పోవద్దు.

ఇక మా బావమరిది మిషన్. దీన్ని త్రీ ఇన్ వన్ అంటారు: మిగ్, రాడ్డు, లిఫ్ట్ టిగ్. టిగ్ అంటే టంగ్‌స్టన్ ముల్లుతో కాల్చేది, దాని గురించి ఒక్క మాట, దానికి ఆర్గాన్ సిలిండర్ కావాలి, రెండు చేతులూ తిరగాలి, మొదటి మిషన్‌తో ఆ ఆలోచన పెట్టుకోకండి. మిగ్‌లో తీగ దానంతటదే వస్తుంది, ట్రిగ్గర్ నొక్కడమే. గ్యాస్ అక్కర్లేని తీగ కూడా ఉంది, లోపల ఫ్లక్స్, అంటే గ్యాస్ బదులు అతుకుని కాపాడే పొడి, ఉంటుంది. నేను అదే ఎక్కించాను. మొదటి గంట చిల్లర చిల్లరగా చిట్లి, పక్కనున్న అద్దం మీద కూడా నిప్పురవ్వలు అంటుకున్నాయి. కారణం ఇక్కడ ఉంది, మూత తీస్తున్నాను. ఈ రెండు బోల్టులు చూశారా, ప్లస్, మైనస్. గ్యాస్‌తో వాడే మామూలు తీగకి గన్ను ప్లస్‌లో ఉండాలి. గ్యాస్ లేని ఫ్లక్స్ తీగకి గన్ను మైనస్‌లో ఉండాలి. నేను మార్చలేదు. మార్చగానే శబ్దమే మారిపోయింది, నూనెలో పకోడీ వేగుతున్నట్టు ఒకే తీరుగా.

నేల రేకు అతికేది దీంతోనే. ఒక మిల్లీమీటర్ రేకు మీద రాడ్డు పెడితే నా నాలుగు కన్నాల కథే. మిగ్‌తో కూడా గీతలా లాగకూడదు. ఒక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ వెనక్కొచ్చి మధ్యలో ఒకటి. రేకు చెయ్యి కాలనంత చల్లబడ్డాకే పక్క చుక్క, లేకపోతే అప్పడంలా వంకర తిరుగుతుంది. కన్నం పూడ్చేటప్పుడు వెనక ఇది పెట్టాను: పాత రాగి పైపు ముక్కని సుత్తితో చదును చేసింది. ఇనుము దానికి అతుక్కోదు, కరిగింది కిందికి కారదు. గ్యాస్‌తో మామూలు 0.8 తీగ వాడితే రేకు పని ఇంకా శుభ్రంగా వస్తుంది. కానీ సిలిండర్ నేను రాయగడ నుంచి తెచ్చుకోవాలి, పైగా వంశధార వైపు నుంచి గాలి కొట్టిందంటే ఆ గ్యాస్ అతుకు మీద నిలవదు, అతుకు స్పంజిలా అయిపోతుంది.

ఇంత బాగుంటే అందరూ మిగ్గే కొనాలిగా అనుకుంటున్నారు కదా. ఈ రెండు ముక్కలు చూడండి. 4 మిల్లీమీటర్ల పట్టీ మీద బ్రాకెట్ అతికాను, ఇది రాడ్డుతో, ఇది మిగ్‌తో. రాడ్డుది ఎగుడు దిగుడుగా, కోడి గీకినట్టుంది. మిగ్‌ది ఎంత అందంగా ఉందో. రెండింటినీ వైస్‌లో బిగించి రెండు కిలోల సుత్తితో కొట్టాను. రాడ్డుది వంగింది, అతుకు ఊడలేదు. అందమైనది మూడో దెబ్బకి ఊడొచ్చింది. కింద చూడండి, పట్టీ మీద మెరుపు అలాగే ఉంది, కరగనే లేదు. తీగ పైన కూర్చుందంతే. చిన్న మిగ్ మిషన్లతో మందం ఇనుము మీద జరిగేది ఇదే, పైకి కనిపించదు. ఈ బ్రాకెట్ మీద సీటు ఉంటే? అందుకే నేను అతికిన ప్రతి రకానికీ ఒక నమూనా ముక్క చేసి కొట్టి చూస్తాను. ఇక స్టీరింగ్, బ్రేకు, చాసిస్ అతుకులు మేస్త్రి గారికే ఇస్తాను. అక్కడ సరదాలు లేవు.

బండి మీద కాల్చే ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయండి. ఎర్త్ క్లాంపు కాల్చే చోటికి జానెడు దూరంలో, గీకిన ఇనుము మీద పెట్టండి. ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని తినేస్తుంది. డీజిల్ ట్యాంకు, పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా వాటిని అతకొద్దు, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి కాల్చొద్దు, కొన్నిట్లో ఉండే క్లోరిన్ ద్రావకం ఆర్క్ వెలుగుకి విషవాయువుగా మారుతుంది. జీఐ పైపు అయితే పైన జింకు గీకేయండి, ఆ తెల్ల పొగకి రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే సరిపోతుందంటారు. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది పొట్టలోకి.

హెల్మెట్ దగ్గర పిసినారితనం చేశాను, అనుభవించాను. చేత్తో పట్టుకునే అద్దంతో మొదలెట్టి, టాకా, అంటే ముక్క కదలకుండా చిన్న చుక్క, వేసేటప్పుడు "ఒక్క సెకనే కదా" అని తీసేవాణ్ణి. అర్ధరాత్రి కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. ఇప్పుడు ఆటో డార్క్ హెల్మెట్ వాడుతున్నా, అద్దం నలుపు, అంటే షేడ్, 10 మీద పెడుతున్నా. మిషన్ బడ్జెట్‌లోంచే దీనికీ, తోలు గ్లవ్స్‌కీ, మంచి గ్రైండర్‌కీ డబ్బు పక్కన పెట్టండి.

ఇంకో సంగతి, ఇది మాత్రం చట్టం. నేల రేకు మార్చడం రిపేరు. కానీ బాడీ ఆకారం మార్చి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా చేస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ముందు బుల్ బార్ చేద్దామని మెసేజ్‌లు పెడుతున్నవాళ్లకి కూడా చెప్తున్నా, వాటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకి రాసింది.

సరే, ఏది కొనాలి? మీ పని క్యారియర్, ట్రాలీ, స్టాండు, 2 మిల్లీమీటర్ల పైపు, ఆపైన అయితే, నిజంగా 160 ఇచ్చే ఇన్వర్టర్ ఆర్క్ చాలు. కరెంటు తక్కువున్నా పనిచేస్తుందని రాసి ఉంటే ఎన్ని వోల్టుల వరకో అడగండి. నాలాగా మీకు రేకు పనే ముందుంటే ఆర్క్ కొని కన్నాలు పెట్టుకోకండి. నేరుగా త్రీ ఇన్ వన్‌కి వెళ్లండి, మందం పనికి అందులోనే రాడ్డు హోల్డర్ తగిలించుకోవచ్చు. నేను రెండు సార్లు డబ్బు పెట్టబోతున్నాను, ఎందుకంటే మా బావమరిది తన మిషన్ ఆదివారం పట్టుకుపోతానని ఫోన్ చేశాడు.

ఆదివారం లోపల ఈ నేల ముక్క అయిపోవాలి. టైం ఆరున్నర, మీటర్ 208 చూపిస్తోంది. ఇంకో అరగంట ఉంది నాకు. హెల్మెట్ పెట్టుకుంటున్నాను, మీరు కెమెరాలోంచి చూస్తున్నారు కాబట్టి పర్వాలేదు.