తెల్లవారుజామున మూడింటికి ఏరేటర్ ఆగితే: కరెంటు కమిషన్ కుర్చీలోకి వచ్చేవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు

[చీకటి. చెరువులో ఏరేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు, తిరుగుతున్న చప్పుడు. ఉన్నట్టుండి ఆగిపోతుంది.]

విన్నారా అండి ఈ నిశ్శబ్దం? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న ఇళ్ళలో దీనికి మెలకువ వచ్చేస్తుంది. ఫ్యాన్ ఆగినందుకు కాదు, గట్టు మీద నుంచి రావాల్సిన చప్పుడు రానందుకు.

మా పెదనాన్నకి ఆకివీడు వైపు వనామీ రొయ్యల చెరువుంది. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, అవే రొయ్యలు ఆ ఆక్సిజన్‌ని పీల్చుకుంటాయి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే ఏరేటర్ ఆగితే రొయ్య పైకి తేలుతుంది. పోయిన పంటకి ఒక రాత్రి గాలివానకి స్తంభం ఒరిగిపోయి లైను పోయింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను, ఆయన జనరేటర్‌లోకి డీజిల్ వంపుతున్నారు. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన చెయ్యి అది. క్యాన్ మూతి ట్యాంకుకి తగిలి టకటక కొట్టుకుంటోంది, అంతగా వణికింది.

[తెల్లవారింది. గట్టు మీద వ్యాఖ్యాత.]

ఆ చెరువుకొచ్చే కరెంటు ఎక్కడ కొనాలి, ఎంతకి కొనాలి, ఆ ఖర్చు ఎవరి బిల్లులో వెయ్యాలి అనేది తేల్చేది ముగ్గురే ముగ్గురు. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, అదే ఏపీఈఆర్‌సీ. ఒక ఛైర్మన్, ఇద్దరు సభ్యులు, కర్నూలులో ఆఫీసు. ఎమ్మెల్యే పేరు చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఈ ముగ్గురి పేర్లు చెప్పమంటే మా ఊళ్ళో ఒక్కరూ చెప్పలేకపోయారు. నేనూ ఈ వీడియో మొదలుపెట్టాకే తెలుసుకున్నాను.

వాళ్ళు ఎలా వస్తారో చెబుతాను. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఒక ఎంపిక కమిటీ ఉంటుంది. హైకోర్టు జడ్జిగా చేసినవారు అధ్యక్షులు. రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒకరు, ఢిల్లీ నుంచి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఛైర్మన్ గాని, కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఛైర్మన్ గాని ఇంకొకరు. ప్రతి ఖాళీకి కమిటీ రెండు పేర్లు ఇస్తుంది, అందులోంచి ప్రభుత్వం ఒకరిని నియమిస్తుంది. పదవి 5 ఏళ్ళు. 65 నిండితే దిగిపోవాలి. సభ్యుల్లో కనీసం ఒకరు న్యాయరంగం నుంచి ఉండాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్ధతి పద్ధతిగానే ఉంది. కానీ సోలార్ మీద మీ అభిప్రాయమేంటి, పేదవాడి బిల్లు మీద మీ ఆలోచనేంటి అని ఆ అభ్యర్థిని జనం ముందు అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఈ కుర్చీకి ఎన్నికలు జరుగుతాయి. అభ్యర్థి గడప గడపకీ వచ్చి కరెంటు బిల్లు గురించి మాట్లాడాలి. జార్జియానే తీసుకోండి. అక్కడ కమిషన్‌లో ఐదుగురు. 2025 నవంబరులో రెండు సీట్లకి ఎన్నిక జరిగితే, అలీషియా జాన్సన్, పీటర్ హబ్బర్డ్ అనే ఇద్దరు, అప్పటికే పదవిలో ఉన్నవాళ్ళని ఓడించి గెలిచారు. ప్రచారమంతా పెరిగిన బిల్లుల చుట్టూనే తిరిగింది. హబ్బర్డ్ సోలార్, బ్యాటరీల గురించి గట్టిగా వాదించిన మనిషి. ఆ కోపం వెనక ఒక పెద్ద కథ ఉంది. వోగ్టల్ అని అక్కడొక అణు విద్యుత్ కేంద్రం. కొత్త రియాక్టర్లు రెంటికీ మొదట వేసిన అంచనా సుమారు 1,400 కోట్ల డాలర్లు. పూర్తయ్యేసరికి 3,000 కోట్లు దాటింది, దాదాపు ఏడేళ్ళు ఆలస్యం. ఆ బరువులో పెద్ద వాటా ఇళ్ళ బిల్లుల మీదకే వచ్చింది.

మన దగ్గర కూడా ఎన్నికలు పెట్టాలని నేను అనను. ఓట్ల కోసం ధర తగ్గించేసి, ఆ లోటు పదేళ్ళ తర్వాత పిల్లల నెత్తిన వేసే ప్రమాదం మనకి కొత్తేం కాదు. నాకు కావాల్సింది అభ్యర్థి ఆలోచన ముందే తెలియడం. ఆ కుర్చీ కోరుకునేవారిని ఈ గట్టు మీద కూర్చోబెట్టి అడగగలిగితే ఏం అడుగుతానో చెబుతాను.

[గోదావరి పాయ, దూరంగా చమురు, గ్యాస్ బావుల దగ్గర మంట.]

అయ్యా, అమ్మా, ఇంధనం ధర పెరిగితే ఆ దెబ్బ ఎవరికి?

గోదావరి జిల్లాల వాళ్ళం ఈ పాఠం దగ్గర్నుంచి చూశాం. మన కాళ్ళ కింద గ్యాస్ ఉంది, ఇక కరెంటుకి లోటు లేదన్నారు. జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, వరసగా గ్యాస్ ప్లాంట్లు లేచాయి. 2009లో సముద్రంలోని డీ6 అనే గ్యాస్ క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైంది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ గ్యాస్ పడిపోయింది, ప్లాంట్లు నిలిచిపోయాయి. పొగ గొట్టం కనిపించేంత దగ్గర్లో ఉన్న ఊళ్ళల్లో కరెంటు కోతలు.

తర్వాత 2022. బొగ్గు కొరత, దిగుమతి బొగ్గు ధర ఆకాశంలో. కరెంటు కొని అమ్ముకునే విద్యుత్ ఎక్స్‌ఛేంజీలో యూనిట్ 20 రూపాయలు తాకితే, 12 దాటకూడదని కేంద్ర కమిషన్ ఆ ఏప్రిల్‌లో కట్టడి చేయాల్సివచ్చింది. అప్పుడు ఎక్కువ పెట్టి కొన్న కరెంటు ఖర్చు ఎక్కడికి పోయింది? 2022-23 ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద 6,072 కోట్ల రూపాయలు వసూలు చేసుకోవచ్చని 2024 చివర్లో మన కమిషన్ అనుమతిచ్చింది. ఆ డిసెంబరు నుంచి వాయిదాల మీద బిల్లుల్లోకి వచ్చింది. వాడేసిన కరెంటుకి రెండేళ్ళ తర్వాత కట్టడం! అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళ సంగతి ఆలోచించండి. వాడినప్పుడు ఆ ఇంట్లో ఉన్నదెవరు, తర్వాత కట్టిందెవరు?

ఎండకీ గాలికీ ఇంధనం బిల్లు లేదు. యుద్ధం ఎక్కడ జరిగినా సూర్యుడు రేటు పెంచడు. అందుకే సోలార్, గాలిమరల కరెంటుని నేను పర్యావరణం మాట పక్కన పెట్టినా సమర్థిస్తాను. సర్దుబాటు చార్జీల నుంచి సామాన్యుడిని కాపాడే గట్టి గొడుగు అదే. చట్టం కూడా కమిషన్‌కి ఆ బాధ్యత అప్పగించింది. డిస్కంలు, అంటే మనకి కరెంటు పంచే కంపెనీలు, కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక విద్యుత్ ఉండాలని నిర్ణయించే అధికారం ఆ చట్టంలో కమిషన్‌కి ఉంది.

కానీ ఆ గొడుగుకి చిల్లు ఎక్కడ పడుతుందో కూడా చెప్పాలి.

[తెర మీద రెండు అంకెలు: 4.84, 2.44]

సుమారు 2015 ప్రాంతంలో మన రాష్ట్రంలో గాలిమరల కరెంటుకి యూనిట్ 4 రూపాయల 84 పైసల దాకా ఒప్పందాలు రాసుకున్నారు. 25 ఏళ్ళ ఒప్పందాలు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకి దిగిపోయింది. రెండేళ్ళలో సగం ధర. మనమేమో పాల ధరని పాతికేళ్ళకి ఖాయం చేసుకున్నవాళ్ళలా మిగిలాం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ధరలు తగ్గించాలని పట్టుబట్టింది. కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి. కేసు నడిచినన్నాళ్ళు గాలికి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున మధ్యంతరంగా ఇచ్చారు. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తేల్చింది: ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలి. బకాయిలతో సహా.

నా బాధ ఇక్కడే. ధర ఎక్కువని తర్వాత గొడవపడటం వల్ల వినియోగదారుడికి పైసా మిగల్లేదు. పైగా రాష్ట్రం మాట మీద నిలబడదనే పేరొచ్చింది. అలాంటి పేరొస్తే తర్వాత వచ్చేవాడు ఆ భయాన్ని కూడా కలిపి ధర కోట్ చేస్తాడు. వినియోగదారుడిని కాపాడాల్సిన క్షణం సంతకానికి ముందే ఉంటుంది. ఆ ఒప్పందం కాగితం కమిషన్ ముందుకి వచ్చిన రోజున. వేలం పెట్టారా? ఇన్నేళ్ళు ఒకే ధర ఎందుకు? ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా ముద్రవేసే సభ్యుడు ఎంత పచ్చని మాటలు మాట్లాడినా నాకు నమ్మకం లేదు. ఇక మూడో ప్రశ్న, నాకు అన్నిటికన్నా పెద్దది: ఆ కరెంటు ఏ గంటలో వస్తుంది?

[చెరువు మీద మధ్యాహ్నం ఎండ. తర్వాత అదే చోటు, చీకటి.]

మధ్యాహ్నం ఒంటిగంటకి సోలార్ దండిగా వస్తుంది. అప్పుడు చెరువులో ఆక్సిజన్ కూడా దండిగానే ఉంటుంది. మా పెదనాన్నకి కరెంటు ప్రాణంతో సమానమయ్యేది రాత్రి మూడింటికి. యూనిట్ రెండున్నర రూపాయలకే సోలార్ అని చెప్పేవాళ్ళు, ఆ మధ్యాహ్నం కరెంటుని రాత్రి మూడింటికి మోసుకొచ్చే ఖర్చు కూడా కలిపి చెప్పాలి. బ్యాటరీలో దాచాలి, లేదా కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టినట్టు నీళ్ళు పైకెక్కించి రాత్రి కిందకి వదిలే పంప్డ్ స్టోరేజీలో దాచాలి. దాచడానికీ ధర ఉంది. ఆ ధర కూడా దిగుతోంది కాబట్టే, ఇప్పుడు దేనికి సంతకం పెడుతున్నామన్నది మళ్ళీ ముఖ్యం.

2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఎండ ఉండే గంటల్లో కనీసం 20 శాతం తక్కువ ధర, సాయంత్రం రద్దీ గంటల్లో ఎక్కువ ధర ఉండాలని. ఐస్ ఫ్యాక్టరీకి, రైస్ మిల్లుకి ఇది మేలు. మిషన్లు మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. రొయ్యకి చెప్పగలమా, మధ్యాహ్నం ఊపిరి పీల్చుకోమని? స్మార్ట్ మీటర్ పెట్టి గంటని బట్టి ధర వేసేటప్పుడు ఎవరు గంట మార్చుకోగలరు, ఎవరు మార్చుకోలేరు అని విడదీసి చూసే మనిషి ఆ కుర్చీలో కావాలి.

ఇంటి పైకప్పు సోలార్ మాట కూడా ఇక్కడే. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన పేరుతో ఆపకూడదని 2024లో నిబంధన వచ్చింది. మంచిదే, పెట్టించుకోండి. నెలకి 225 యూనిట్లు దాటితే మన రాష్ట్రంలో పై యూనిట్లకి కనీసం 8 రూపాయల 75 పైసలు పడుతుంది. సోలార్ పెట్టగానే ముందు తగ్గేది ఆ ఖరీదైన యూనిట్లే. అయితే మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలకి వస్తున్నాయంటే, ఆ పై శ్లాబువాళ్ళు కట్టే డబ్బు కూడా అందులో ఉంది. డాబా ఉన్నవాళ్ళందరూ బయటపడిపోతే, రేకుల షెడ్డులో ఉన్నవాళ్ళ 1.90 ఏమవుతుంది? కోనసీమలో కొబ్బరిచెట్ల నీడలో ఉన్న పెంకుటింటికి ప్యానెల్ ఎక్కడ పెడతారు? పునరుత్పాదక విద్యుత్‌ని ఇష్టపడే అభ్యర్థి ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పాలి.

ఆక్వా సబ్సిడీ గురించి రెండు మాటలు. కమిషన్ పెట్టిన ధర యూనిట్ 3.85. అర్హత ఉన్న రైతుకి ప్రభుత్వం 1.50కే ఇస్తుంది. మధ్యలో ఉన్న 2.35 ప్రభుత్వం డిస్కంకి ముందుగానే కట్టాలి, చట్టంలో సెక్షన్ 65 అదే చెబుతుంది. ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, ఆ అప్పుకి వడ్డీ ఎక్కడో ఒక చోట తేలుతుంది. కాబట్టి ప్రభుత్వాన్ని కూడా గట్టిగా అడగగల ధైర్యం సభ్యుడికి ఉండాలి.

[వ్యాఖ్యాత చేతిలో కరెంటు బిల్లు.]

మీకు వెంటనే పనికొచ్చేవి గబగబా చెప్పేస్తాను. బకాయి ఉన్నా 15 రోజుల నోటీసు లేకుండా కనెక్షన్ తీయకూడదు. మీటరు ఎక్కువ తిరుగుతోందని ఫిర్యాదు ఇస్తే 5 రోజుల్లో ఇంకో మీటరు పక్కన పెట్టి, కనీసం 3 నెలలు సరిచూడాలి. లైన్‌మన్, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర పని జరగకపోతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక. అక్కడా న్యాయం దొరకలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్.

ఇక ఆ ముగ్గురిని నేరుగా అడిగే దారి ఒకటుందండి. ఏటా నవంబరు 30కల్లా డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు కమిషన్‌కి ఇస్తాయి. పేపర్లో ప్రకటన వస్తుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. ఆ తర్వాత బహిరంగ విచారణ, అందులో మాట్లాడొచ్చు. 2000లో ఉమ్మడి రాష్ట్ర కమిషన్ ఇచ్చిన మొదటి ధరల ఉత్తర్వు తర్వాత ఎంత ఉద్యమం లేచిందో, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు ఎలా ప్రాణాలు పోగొట్టుకున్నారో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అంత ఖరీదు కట్టిన విషయం మీద విచారణ పెట్టిన రోజున కుర్చీలు ఖాళీగా ఉండటం నాకు మనసు ఒప్పదు.

మా పెదనాన్న కిందటి సారి ఒక ఉత్తరం రాశారు. రూళ్ళ కాగితం మీద, ఒక్కటే ప్రశ్న: మా ఫీడర్ లైనులో రాత్రి 12 నుంచి 5 మధ్య ఏడాదిలో ఎన్నిసార్లు, ఎంతసేపు కరెంటు పోయింది? జవాబు వచ్చింది, మూడు లైన్లు. సరఫరా మెరుగుపరచడానికి చర్యలు తీసుకుంటున్నామని. అంకె లేదు.

[మోటారు షెడ్డు. మేకుకి దారంతో వేలాడుతున్న నోట్‌బుక్. కెమెరా దగ్గరకి వెళుతుంది.]

అందుకని ఈసారి ఆయనే అంకె రాసుకుంటున్నారు. తారీఖు, పోయిన టైము, వచ్చిన టైము, జనరేటర్‌కి పట్టిన డీజిల్. పక్క చెరువులవాళ్ళు ఇద్దరు కూడా మొదలుపెట్టారు. నవంబరు 30కి ఇంకా టైముంది. పుస్తకంలో నాలుగో పేజీ నడుస్తోంది.