పేరొక్కటి అమ్మలేదు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదవాలట. నాకిచ్చింది పది నిమిషాలు, వారు మన్నించాలి. ఆట మైదానాల్లో సైనికులకు చేసే గౌరవం గురించి మాట్లాడాలి కనుక నేరుగా షికాగోలోని ఫుట్‌బాల్ స్టేడియం సోల్జర్ ఫీల్డ్‌కి వెళదాం.

1924 అక్టోబర్ 9న తెరిచినప్పుడు దాని పేరు మునిసిపల్ గ్రాంట్ పార్క్ స్టేడియం. మరుసటి ఏడాది నవంబర్ 11న సోల్జర్ ఫీల్డ్ అయింది. ఆ పేరు పెట్టమని అడిగింది గోల్డ్ స్టార్ తల్లులు, అంటే యుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు. బిడ్డ సైన్యంలో ఉంటే కిటికీలో నీలి నక్షత్రమున్న చిన్న జెండా కట్టేవారు. పోయాడని కబురొస్తే ఆ నీలం మీదే బంగారు రంగు నక్షత్రం కుట్టేవారు. దాన్ని కాస్త చిన్నగా కత్తిరిస్తారు, చుట్టూ సన్నగా నీలం కనబడాలని. ఆ నీలపు అంచు గుర్తుపెట్టుకోండి.

2003కల్లా పాత గ్రీకు తరహా డోరిక్ స్తంభాల మధ్య కొత్త స్టేడియం కట్టారు. 1987లో వచ్చిన జాతీయ చారిత్రక చిహ్నం హోదా 2006లో పోయింది. పేరు మాత్రం ఏ కంపెనీకీ అమ్మలేదు. నా లెక్కలో ఈ స్టేడియం సైనికులకు చేసిన అసలు గౌరవం అదే.

ఇక నవంబర్‌లో చాలా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాల్లో చూసే ఆ పెద్ద అమెరికా జెండా సంగతి. మైదానం వెడల్పే 53 గజాల పైచిలుకు. దాన్నిండా పరిచే గుడ్డను అంచుల వెంట వరసగా నిలబడి లాగిపట్టాలి. పట్టు సడలితే నడుమ జారి గడ్డికి తగులుతుంది. గాలి కిందికి దూరిందా, తెరచాపలా లేచి మనుషుల్నే ఈడుస్తుంది. సోల్జర్ ఫీల్డ్ ఉన్న మిషిగన్ సరస్సు ఒడ్డున గాలికేం తక్కువ? అసలు చిక్కు వేరే ఉంది. అమెరికా జెండా నియమావళి 8(సి) ఏమంటుందంటే, జెండాను ఎన్నడూ అడ్డంగా పరిచి మోయకూడదు, పైకెత్తి స్వేచ్ఛగా ఎగరనివ్వాలి. శిక్షేమీ లేదు కనుక పట్టించుకునేవారూ లేరు! గౌరవం పేరుతో నియమం తప్పడం... సరే, సమయమైపోతోంది.

కాదు, ఇంకొకటి చెప్పాలి. 2015 నవంబర్‌లో సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక బయటపెట్టారు. మైదానాల్లో సైనికులకు ఇలాంటి సన్మానాలు చేసేందుకు క్రీడా జట్లకు రక్షణశాఖే 68 లక్షల డాలర్లు కట్టిందని తేల్చారు. మైదానంలో జెండాలు, తెర మీద సైనికుడి ముఖం, అన్నీ కాంట్రాక్టులో రాసుకున్నవే. లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళకు అది ప్రకటనని తెలుసా? మరుసటి ఏడాది ఫుట్‌బాల్ లీగు 7,23,734 డాలర్లు తిరిగిచ్చింది. డబ్బు వెనక్కొచ్చింది, చప్పట్లు రావు కదా.

వెనక వరుసలో వినబడుతోందా? ఆటలకు వెళ్ళేవాళ్ళు ఇది వినండి. నవంబర్ 11 వెటరన్స్ డే, సేవచేసినవాళ్ళందరి రోజు. బతికున్నవాళ్ళకు కృతజ్ఞత చెప్పేది అప్పుడే. మే నెలాఖరు సోమవారం మెమోరియల్ డే, పోయినవాళ్ళది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాకా జెండా సగం ఎత్తులో ఉంటుంది, తర్వాత పైకి. భర్తను పోగొట్టుకున్నావిడతో ఆ రోజు ‘హ్యాపీ’ అనకండి. జాతీయగీతం వేళ మీ పక్క సీటాయన మామూలు బట్టల్లో ఉండి సెల్యూట్ కొడితే నవ్వకండి. మాజీ సైనికులకు 2008 నుంచి చట్టమే ఆ వీలిచ్చింది. మనం మాత్రం టోపీ తీసి గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి.

గంట కొట్టారు. మైకు ఇస్తున్నాను.