నరాన్ని మిషన్ చూపిస్తుంది, ఏ నరం వద్దో మనం చెప్పాలి

యాంకర్: నమస్తే, విజయవాడ స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. నరం దొరకని పేషెంట్లకి క్యానులా, అంటే సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం, పెట్టడానికి ఏఐ ఉన్న అల్ట్రాసౌండ్ వాడుతున్నారు కదా, దాని మీద మీ సందేహాలకి మత్తు డాక్టర్ గారు సమాధానాలు చెబుతారు. తెనాలి నుంచి లైన్లో ఉన్నారు, చెప్పండి.

కాలర్ (తెనాలి): నమస్తే డాక్టర్ గారూ. మా అమ్మకి 60 దాటాయండి, షుగరు, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి, ముందు ముందు డయాలసిస్ తప్పదన్నారు. హాస్పిటల్లో చేర్చినప్పుడల్లా నరం దొరక్క అక్కడా ఇక్కడా గుచ్చి చేతులు కమిలిపోతున్నాయి. ఆ మిషన్ ఉన్న చోటికి తీసుకెళ్తే ఒక్క పోటుతో అయిపోద్దా?

డాక్టర్: మీరంటున్నది చేతి మీద లైటు వేస్తే నరాలు కనిపించే మిషనా బాబూ?

కాలర్: అదేననుకున్నానండి.

డాక్టర్: కాదు, అది ఇన్‌ఫ్రారెడ్, చర్మం కిందే ఉన్న నరాలు మాత్రం చూపిస్తుంది. అల్ట్రాసౌండ్ లోతుగా ఉన్నవీ చూపిస్తుంది, కాకపోతే స్క్రీన్ మీద అంతా బూడిద రంగు, అందులో నల్లటి గుండ్రాలు, ఏది నరం ఏది ధమని అన్నది అలవాటున్న కంటికే తెలుస్తుంది. ఏఐ చేసేది అక్కడే, వాటిని గుర్తుపట్టి రంగులేస్తుంది, కొన్ని మిషన్లు ఎంత లోతుందో, ఎంత వెడల్పుందో కూడా చెబుతాయి. గుచ్చడం మాత్రం మనిషే గుచ్చాలి, కాబట్టి ఒక్క పోటుతో అయిపోతుందని నేను మాటివ్వలేను.

ఇప్పుడు అసలు సంగతి వినండి, మీ అమ్మగారి విషయంలో ఇదే ముఖ్యం. ముంజేతిలో మంచి లావు నరం ఉందనుకోండి, మిషన్ 'ఇదిగో' అని దాన్నే చూపించొచ్చు, ఆవిడకి రేపు డయాలసిస్ ఫిస్టులా, అంటే ఆపరేషన్ చేసి నరాన్ని ధమనికి కలపడం, పెట్టాల్సింది ఆ నరానికేనని దానికేం తెలుసు? అది పాడైతే రేపు సర్జన్‌కి చోటుండదు. అందుకే చేర్చగానే 'కిడ్నీ పేషెంటు, ముంజేతి నరాలు వదిలేసి అరచేతి వెనక చూడండి' అని మీరే చెప్పండి, సిగ్గుపడొద్దు. ఫిస్టులా పెట్టాక ఆ చేతికి సూదీ వద్దు, బీపీ పట్టీ వద్దు.

కాలర్: నీళ్లు బాగా తాగిస్తే నరాలు తేలతాయంటారు కదండీ?

డాక్టర్: మన మే నెల ఎండల్లో మామూలు మనిషికైతే ఆ మాట నిజమే, ఆవిడకి మాత్రం కిడ్నీ డాక్టర్ చెప్పిన లెక్క దాటొద్దు. గోరువెచ్చని గుడ్డ కాసేపు పెట్టండి, షుగరుతో చేతులు మొద్దుబారితే వేడి తెలియదు కాబట్టి ముందు మీ చేతి మీద చూసుకుని పెట్టండి. ఇంకోటి, ఒకరు రెండుసార్లు గుచ్చి దొరక్కపోతే ఇంకొకరిని పిలవమని అడగండి, నర్సింగ్ ప్రమాణాలు చెప్పేదీ అదే.

యాంకర్: గుంటూరు నుంచి స్టాఫ్ నర్సు ఒకరు.

కాలర్ (గుంటూరు): నమస్తే సార్. మా వార్డుకి ఆ మిషన్‌ని డెమోకి తెచ్చారు, నరం నీలం, ధమని ఎరుపు చూపిస్తోంది. నీలం చూసి గుచ్చేయొచ్చా?

డాక్టర్: వద్దు సిస్టర్. ముందు ప్రోబుతో, అదే చర్మం మీద పెట్టే స్కానింగ్ పిడితో, మెల్లగా ఒత్తండి, నరమైతే చదునైపోతుంది, ధమని అంత తేలిగ్గా అణగదు, కొట్టుకుంటుంది. బీపీ పడిపోయిన పేషెంట్లో ఆ కొట్టుకోవడం సరిగ్గా కనపడదు, అక్కడ మిషనూ పొరబడొచ్చు, మనమూ పొరబడొచ్చు.

కాలర్: నరం బాగానే దొరుకుతోంది సార్, మర్నాటికి చెయ్యి వాచిపోతోంది.

డాక్టర్: ఏ క్యానులా వాడుతున్నారు?

కాలర్: బ్లూ రంగుది, 22 గేజ్ సైజు.

డాక్టర్: దాని పొడవు రెండున్నర సెంటీమీటర్లు. నరం సెంటీమీటరు లోతులో ఉందనుకోండి, 45 డిగ్రీల్లో గుచ్చితే ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా నరానికి చేరేలోపు పైనే అయిపోతుంది, లోపల మిగిలేది ఒక్క సెంటీమీటరు. పేషెంటు మోచెయ్యి రెండుసార్లు మడిచాడంటే బయటికొచ్చేసి సెలైనంతా కండలోకి పోతుంది. క్యానులా పొడవులో మూడింట రెండు వంతులైనా నరంలో ఉండాలి, లోతు నరాలకి పొడవు క్యానులా కావాలి. ఇంకో మాట, ఆ మిషన్ కొంటే పీసీపీఎన్‌డీటీ చట్టం, అదే కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడకూడదనే చట్టం, కింద రిజిస్టర్ చేయించాలి, చేతులకే వాడుతున్నాం కదా అంటే కుదరదు.

కాలర్: మా స్టోర్లో పొడవువి లేవు సార్.

డాక్టర్: అయితే మిషన్ కంటే ముందు వాటికి ఇండెంట్ పెట్టించండి.