స్వైప్ మెషిన్ రూపాయలు చూపిస్తే వద్దనండి

నమస్తే అండీ. పోయినేడాది మా అమ్మానాన్నలు దుబాయ్ వెళ్లారు. అక్కడ ఒక బట్టల షాపులో నాన్న కార్డు ఇస్తే, మెషిన్ మీద రెండు అంకెలు కనిపించాయట. ఒకటి దిర్హమ్‌లలో, ఇంకొకటి రూపాయల్లో. "రూపాయల్లో తీసుకోమంటారా సార్?" అని షాపతను అడిగాడు. మన డబ్బులో అయితే లెక్క తెలుస్తుంది కదా అని నాన్న సరేనన్నారు. ఇంటికొచ్చి స్టేట్‌మెంట్ చూసుకుంటే, ఆ ట్రిప్‌లో ఆ ఒక్క బిల్లుకే దిర్హమ్ రేటు మిగతావాటికంటే ఎక్కువ పడింది. నాన్న ఆ రోజంతా బాధపడ్డారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. తెలియకపోతే ఎవరైనా అలాగే అంటారు. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

ముందు డబ్బు ఎక్కడ పోతుందో చూద్దాం. మన కార్డు విదేశంలో గీకినప్పుడు, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రేటు బాగానే ఉంటుంది. దాని మీద మన బ్యాంకు 'ఫారెక్స్ మార్కప్' అని కొంత వేస్తుంది. చాలా క్రెడిట్ కార్డులకి ఇది 3.5 శాతం. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయలు ఖర్చు పెడితే 3,500, దాని మీద 630, మొత్తం 4,130 రూపాయలు అదనం. ఈ మార్కప్ 2 శాతం ఉన్న కార్డులున్నాయి, అసలు లేనివీ ఉన్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డుల్లోనూ అలాంటివి దొరుకుతాయి కాబట్టి, జీతం స్లిప్ లేని రిటైరైన వాళ్లు, విద్యార్థులు కూడా తీసుకోవచ్చు. టికెట్లు బుక్ చేసిన రోజే మీ కార్డు మార్కప్ ఎంతో చూసుకోండి. బ్యాంకు వెబ్‌సైట్‌లో కార్డు ఛార్జీల పట్టికలో ఉంటుంది.

ఇప్పుడు నాన్న విషయానికొద్దాం. మెషిన్ మీద రూపాయలు చూపించడాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అక్కడ మార్పిడి రేటు పెట్టేది మన బ్యాంకు కాదు, ఆ షాపు మెషిన్ వెనకున్న కంపెనీ. వాళ్ల లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది. అందులో షాపుకీ వాటా వెళ్తుంటుంది. పైగా రూపాయల్లో కట్టినా సరే, విదేశీ షాపు కాబట్టి కొన్ని మన బ్యాంకులు మళ్లీ ఛార్జీ వేస్తాయి. మీరు కష్టపడి మార్కప్ లేని కార్డు సంపాదించుకున్నా, ఈ ఒక్క బటన్‌తో ఆ లాభం పోతుంది. దుబాయ్‌లో దిర్హమ్, బ్యాంకాక్‌లో బాత్, అమెరికాలో డాలర్. ఎక్కడుంటే అక్కడి కరెన్సీయే చెప్పండి. అడగకుండా రూపాయలు నొక్కేస్తే, స్లిప్ మీద సంతకం పెట్టకముందే క్యాన్సిల్ చేసి మళ్లీ గీకమనండి. మొహమాటపడకండి, ఎంచుకునే హక్కు మీదే.

ఏటీఎంలో ఇదే ప్రశ్న కాస్త భయపెట్టేలా వస్తుంది. 'యాక్సెప్ట్ కన్వర్షన్', 'డిక్లైన్ కన్వర్షన్' అని. డిక్లైన్ నొక్కితే డబ్బు రాదేమోనని చాలామందికి టెన్షన్. వస్తుందండీ. డిక్లైన్ అంటే వాళ్ల రేటు వద్దన్నట్టు, అంతే. ఇక థాయ్‌లాండ్ లాంటి చోట ఏటీఎం వాళ్లు కూడా విడిగా వసూలు చేస్తారు. ఎంత తీసినా 220 బాత్‌లు, కొన్ని మెషిన్లలో ఇంకా ఎక్కువ. అక్కడ పదిసార్లు కొంచెం కొంచెం తీయడం కంటే, అవసరమైనంత ఒకేసారి తీసుకోవడం నయం. క్రెడిట్ కార్డుతో మాత్రం క్యాష్ తీయకండి. ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఫారెక్స్ కార్డు గురించి ఒక్క మాట. అంటే ముందే విదేశీ డబ్బు నింపుకుని తీసుకెళ్లే కార్డు. డాలర్లు లోడ్ చేసిన కార్డు అమెరికాలో బాగా పనికొస్తుంది. కానీ హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు దోహాలోనో, దుబాయ్‌లోనో విమానం మారతారు కదా. అక్కడ అదే కార్డుతో కాఫీ కొంటే, అక్కడి డబ్బు డాలర్ కాదు కాబట్టి, ఒక కరెన్సీ నుంచి ఇంకోదానికి మార్చినందుకు 'క్రాస్ కరెన్సీ ఛార్జీ' పడవచ్చు. ఆ నాలుగైదు గంటల కోసం వేరే కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి.

పెద్దవాళ్లని పంపిస్తుంటే ఇంకో పని ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి, రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు ఇండియాలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. అంతర్జాతీయ వాడకం మనమే యాప్‌లో ఆన్ చేయాలి. విమానం ఎక్కకముందే, ఇంట్లో కూర్చుని ఆన్ చేసి, లిమిట్ తక్కువగా పెట్టండి. విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, అందుకే ఆ లిమిట్ ముఖ్యం. మా నాన్న కార్డు వెనక చిన్న కాగితం అంటించి 'దిర్హమ్‌లలోనే' అని రాసిచ్చాను. వచ్చే నెల సింగపూర్ వెళ్తున్నారు, దాన్ని 'సింగపూర్ డాలర్లలోనే' అని మార్చాలి.